దేవ్‌లాలి లెక్కల సారు – కాప్రేకర్ గారి జీవితం



మన గోడ పత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక కింద ఇంతవరకు కొమురం భీం గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి, అంబేద్కర్ గారి గురించి రాశారు. ఈసారి రాయడం నా వంతు వచ్చింది. నేను ఒక లెక్కల సారు గురించి రాస్తున్నాను. ఆయన రాజు కాదు, నాయకుడు కాదు, పెద్ద కాలేజీలో ప్రొఫెసరు కూడా కాదు. ఒక చిన్న ఊళ్లో 32 ఏళ్లు బడి పిల్లలకు లెక్కలు చెప్పారు. అలా చెబుతూనే అంతకుముందు ఎవరూ చూడని సంగతులు అంకెల్లో చూశారు. ఈ రోజు ఒక సంఖ్యను ప్రపంచమంతా ఆయన పేరుతో పిలుస్తోంది. ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

లెక్కలంటే భయపడేవాళ్లు దయచేసి ఇక్కడితో ఆపి వెళ్లిపోవద్దు. ఇందులో మూడో తరగతి తీసివేత వస్తే చాలు.

బాల్యం

కాప్రేకర్ గారు 1905 జనవరి 17న మహారాష్ట్రలోని డహాణు అనే ఊళ్లో పుట్టారు. డహాణు సముద్రం పక్కన ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో వార్లీ గిరిజనులు ఉంటారు. ఇంటి గోడల మీద బియ్యప్పిండితో తెల్లటి మనుషుల బొమ్మలు వేసేది వాళ్లే. కాప్రేకర్ గారు వార్లీ కాదు. కానీ ఆయన పుట్టిన చోటు మనలాంటి వాళ్ల ఊళ్లకు దగ్గరే అని తెలిసి నాకు సంతోషం వేసింది.

ఆయన నాన్న గారు గుమాస్తా. ఆయనకు జ్యోతిషం అంటే చాలా ఇష్టం. జాతకం వేయాలంటే కూడికలు, తీసివేతలు, భాగాహారాలు చాలా చేయాలి. ఆ లెక్కలు చూసి చూసి పిల్లవాడికి కూడా లెక్క కట్టడం అంటే ఇష్టం పుట్టింది. ఎనిమిదో ఏట అమ్మ చనిపోయింది. నాన్న గారే పెంచారు. ఆ వయసులో అమ్మ లేకపోతే ఎట్లా ఉంటుందో ఈ హాస్టల్లో కొందరికి వేరే చెప్పక్కర్లేదు. అంకెలే ఆ పిల్లవాడికి తోడు అయ్యాయేమో అని నాకు అనిపిస్తుంది.

చదువు

ఆయన హైస్కూలు చదువు ముంబయి దగ్గరున్న ఠాణేలో జరిగింది. అక్కడ కూడా గంటలు గంటలు లెక్కల పొడుపుకథలు విప్పుతూ కూర్చునేవారు. 1923లో పుణేలోని ఫెర్గూసన్ కాలేజీలో చేరారు. 1927లో ఆయనకు ఒక బహుమతి వచ్చింది. అది రాంగ్లర్ పరాంజపే గారి పేరు మీద ఇచ్చే బహుమతి. పరాంజపే గారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో లెక్కల పరీక్షలో మొదటి స్థానం సంపాదించిన మొదటి భారతీయుడు. విద్యార్థులు లెక్కల్లో సొంతంగా ఏదైనా కొత్తది చేస్తే ఆ బహుమతి ఇచ్చేవారు. పుస్తకంలో ఉన్నది అప్పచెప్పినందుకు ఇచ్చేది కాదు.

1929లో బి.ఎస్సీ. పాసయ్యారు. ఆ తర్వాత పై చదువులు చదవలేదు. ఎమ్మెస్సీ లేదు, డాక్టరేటు లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీని అవసరం వస్తుంది.

ఉద్యోగం

నాసిక్ పక్కన దేవ్‌లాలి అనే చిన్న ఊరు ఉంది. అక్కడ సైన్యం వాళ్ల కంటోన్మెంటు ఉంది. ఆ ఊళ్లో కాప్రేకర్ గారు లెక్కల సారుగా చేరారు. 1930 నుంచి 1962లో రిటైరయ్యేదాకా అక్కడే చెప్పారు. మన గోదావరి పుట్టేది కూడా నాసిక్ జిల్లాలోనే, త్ర్యంబకేశ్వర్‌లో. ఆ నీళ్లే అంత దూరం నడిచి భద్రాచలం దాకా వస్తాయి. అందుకని దేవ్‌లాలి మరీ పరాయి ఊరేమీ కాదు.

పిల్లలకు ఆయనంటే ఇష్టం. అంకెల మీద తనకున్న ప్రేమనే ఆయన పిల్లలకు పంచేవారు. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు కూడా పిలిపించుకుని ఆయన చేత అంకెల గురించి చెప్పించుకునేవారు. సైకిల్ మీద తిరుగుతూ విడిగా కూడా పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఏటి ఒడ్డున కూర్చుని అంకెల గురించి ఆలోచించేవారు. ఆయనకు గణితానంద్ అని ఇంకో పేరు కూడా ఉంది. లెక్కల్లోనే ఆనందం ఉన్నవాడు అని దాని అర్థం.

మనం ఏమనుకుంటాం? లెక్కల పుస్తకం ఎవరో పెద్దవాళ్లు ఎప్పుడో రాసి ముగించేశారు, మనం అప్పచెప్పడమే మిగిలింది అనుకుంటాం. దేవ్‌లాలి బడి పిల్లల ముందు నిలబడిన సారు మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్న మనిషి. ఆయన చేతిలో కంప్యూటరు లేదు. కాగితం, కలం, ఓపిక ఉన్నాయి.

6174 కథ

1946లో ఆయన ఒక విచిత్రం కనిపెట్టారు. ఎట్లాగో చెబుతాను. నోటుబుక్కు తీసుకోండి.

నాలుగు అంకెల సంఖ్య ఏదైనా రాయండి. నాలుగు అంకెలూ ఒకటే ఉండకూడదు, అంటే 1111, 2222 లాంటివి వద్దు. ఆ అంకెలతో అన్నిటికన్నా పెద్ద సంఖ్య రాయండి. దాని కింద అవే అంకెలతో అన్నిటికన్నా చిన్న సంఖ్య రాయండి. తీసివేయండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని చేయండి. జవాబు మూడు అంకెలే వస్తే ముందు సున్నా పెట్టుకోండి.

నేను ఆయన పుట్టిన సంవత్సరం 1905తో చేశాను.

9510 − 0159 = 9351
9531 − 1359 = 8172
8721 − 1278 = 7443
7443 − 3447 = 3996
9963 − 3699 = 6264
6642 − 2466 = 4176
7641 − 1467 = 6174

ఏడు మెట్లలో 6174 వచ్చింది. ఇప్పుడు 6174తో చేయండి. 7641లోంచి 1467 తీసేస్తే మళ్లీ 6174. ఇంక అది కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లు దాటకుండా ఇక్కడికే వస్తుంది. 1000 నుంచి 9999 దాకా అంకెలన్నీ ఒకటే ఉన్న తొమ్మిది సంఖ్యలు తీసేస్తే 8991 సంఖ్యలు మిగులుతాయి. ఆ 8991 కూడా ఇక్కడికే వస్తాయి. సంతకు ఎన్ని ఊళ్ల నుంచి ఎన్ని దారుల్లో నడిచి వచ్చినా అందరూ ఒక్క చింతచెట్టు కిందకే చేరినట్టు.

ఈ సంఖ్యనే ఇప్పుడు కాప్రేకర్ స్థిరాంకం అంటారు. మూడు అంకెల సంఖ్యలతో చేస్తే 495 దగ్గర ఆగుతుంది. అది కూడా చేసి చూడండి.

ఎందుకు అట్లా వస్తుంది?

ఇది మంత్రం కాదు. కారణం ఉంది. 9510లో 9 వేల స్థానంలో ఉంది. చిన్న సంఖ్య 0159లో అదే 9 ఒకట్ల స్థానంలో ఉంది. వెయ్యిలోంచి ఒకటి పోతే 999. అలాగే రెండో అంకె 5 ఒక దాంట్లో వందల స్థానంలో, ఇంకో దాంట్లో పదుల స్థానంలో ఉంది. వందలోంచి పది పోతే 90. అందుకని జవాబు ఎప్పుడూ ఇట్లా వస్తుంది: పెద్ద సంఖ్యలో మొదటి అంకెకూ చివరి అంకెకూ ఉన్న తేడాను 999తో గుణించాలి. రెండో అంకెకూ మూడో అంకెకూ ఉన్న తేడాను 90తో గుణించాలి. రెండూ కలపాలి.

9510కి చూడండి. 9లోంచి 0 పోతే 9, 999 × 9 = 8991. 5లోంచి 1 పోతే 4, 90 × 4 = 360. రెండూ కలిపితే 9351. సరిపోయింది.

మొదటి తేడా 1 నుంచి 9 దాకానే ఉంటుంది. రెండో తేడా మొదటి తేడా కన్నా ఎక్కువ కాలేదు. లెక్క వేస్తే మొత్తం 54 జవాబులే కుదురుతాయి. అంటే వేల సంఖ్యలు ఒక్క తీసివేతతోనే 54 సంఖ్యల్లోకి వచ్చి పడతాయి. ఆ 54 ఎటు వెళ్తాయో చూస్తే చాలు, అన్నిటి సంగతీ తేలిపోతుంది. 54 లెక్కలు నలుగురం కూర్చుంటే రెండు స్టడీ అవర్లలో అయిపోతాయి.

ఇంకో లాభం ఉంది. 999, 90 రెండూ 9తో భాగించబడతాయి. కాబట్టి ప్రతి జవాబూ 9తో పోతుంది. జవాబులోని అంకెలు కూడి చూడండి. 9351లో 18. 8172లో 18. 3996లో 27. ఎప్పుడైనా 17, 20 లాంటివి వచ్చాయంటే ఎక్కడో అప్పు తెచ్చుకోవడంలో తప్పు జరిగిందన్నమాట. సారు వచ్చి దిద్దేదాకా ఆగక్కర్లేదు. మనది మనమే దిద్దుకోవచ్చు. ఒకే రకం తీసివేతలు ఇరవై ఇస్తే మనకు విసుగు వస్తుంది. ఇట్లా ఇస్తే ఇంకొకటి చేద్దాం అని మనమే అంటాం. లెక్కలు చెప్పే పద్ధతిలో ఇది ఎంత మంచిదో చూడండి.

ఆయన కనిపెట్టిన ఇంకొన్ని సంఖ్యలు

కాప్రేకర్ సంఖ్యలు: 45 వర్గం 2025. దాన్ని మధ్యకు విడదీసి కలిపితే 20 + 25 = 45. మనం చూసిన 2025 సంవత్సరం ఇదే సంఖ్య. 55 వర్గం 3025, 30 + 25 = 55. 297 వర్గం 88209, 88 + 209 = 297. ముక్కలు చేసి కలిపినా మళ్లీ తన రూపానికే వచ్చే సంఖ్యలు ఇవి.

హర్షద సంఖ్యలు: హర్షద అంటే సంతోషం ఇచ్చేది. ఒక సంఖ్యను దాని అంకెల మొత్తంతో భాగిస్తే శేషం మిగలకపోతే అది హర్షద సంఖ్య. 24లో 2 + 4 = 6, 24ను 6తో భాగిస్తే 4. రామానుజన్ గారి 1729 మీకు తెలుసు కదా. 1 + 7 + 2 + 9 = 19. 19 × 91 = 1729. అది కూడా హర్షద సంఖ్యే. మన 6174 కూడా అంతే. అంకెల మొత్తం 18, భాగిస్తే 343 వస్తుంది.

డెమ్లో సంఖ్యలు: 11 వర్గం 121, 111 వర్గం 12321, 1111 వర్గం 1234321. ముంబయికి 30 మైళ్ల దూరంలో డెమ్లో అనే రైల్వే స్టేషన్‌లో ఉండగా ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. అందుకే ఆ స్టేషన్ పేరే పెట్టారు.

స్వీయ సంఖ్యలు: నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. ఒక సంఖ్యకు దాని అంకెలు కలపండి. 15కి 1, 5 కలిపితే 21. అంటే 15 లోంచి 21 పుట్టింది. 23 లోంచి 28 పుట్టింది. 101కి అయితే ఇద్దరున్నారు, 91 లోంచీ పుడుతుంది, 100 లోంచీ పుడుతుంది. కానీ 20 ఏ సంఖ్య లోంచి పుట్టింది? ఎంత వెతికినా దొరకదు. దానికి ముందు ఎవరూ లేరు. అట్లాంటి వాటిని ఆయన స్వీయ సంఖ్యలు అన్నారు. తన ఊరి పేరుతో దేవ్‌లాలి సంఖ్యలు అని కూడా అన్నారు. 100 లోపల ఇవి 13 ఉన్నాయి: 1, 3, 5, 7, 9, 20, 31, 42, 53, 64, 75, 86, 97.

మా ఇంట్లో నాకన్నా ముందు పలక పట్టినవాళ్లు లేరు. ఈ బడిలో చాలామందిమి అంతే. లెక్క అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఈ 13 సంఖ్యలు చూసినప్పుడు నాకు మనమే గుర్తొచ్చాం. ముందు ఎవరూ లేనంత మాత్రాన అవి సంఖ్యలు కాకుండా పోలేదు. వాటి లోంచి మళ్లీ వేరే సంఖ్యలు పుడతాయి. 20 లోంచి 22, 22 లోంచి 26, అట్లా వరుస సాగుతూనే ఉంటుంది.

నవ్వినవాళ్లు

ఇన్ని కనిపెట్టినా ఆయనకు వెంటనే గౌరవం రాలేదు. లెక్కల పండితులు చాలామంది నవ్వారు. ఇవన్నీ పిల్లల ఆటలు, వీటి వల్ల ఉపయోగం లేదు అని తీసిపారేశారు. పై డిగ్రీ లేని బడి పంతులు కొత్త గణితం ఏం చేస్తాడు అన్నట్టు చూశారు. ముందు గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే.

ఆయన ఊరుకోలేదు. 1949లో మద్రాసులో జరిగిన గణిత సభలో 6174 సంగతి చెప్పారు. 1953లో న్యూయార్కు నుంచి వచ్చే స్క్రిప్టా మ్యాథమేటికా అనే పత్రికలో దాని గురించి ఆయన వ్యాసం అచ్చయింది. ఎవరూ అచ్చు వేయనివి తానే చిన్న చిన్న పుస్తకాలుగా వేయించుకున్నారు. 1959లో స్వీయ సంఖ్యల మీద ఒకటి, 1963లో ఇంకొకటి వేశారు. వాటి మీద ప్రచురణ స్థలం దేవ్‌లాలి అనే ఉంటుంది.

రామానుజన్ గారికి హార్డీ గారు దొరికారు. కాప్రేకర్ గారికి చాలా ఏళ్లు ఎవరూ దొరకలేదు. అయినా పొద్దున బడి, సాయంత్రం అంకెలు, ఇదే ఆయన బతుకు.

చివరి రోజులు

1962లో రిటైరయ్యారు. 1966లో ఆయన భార్య చనిపోయారు. వచ్చే పెన్షను ఇల్లు గడవడానికి చాలలేదు. అందుకని ముసలితనంలో కూడా లెక్కలూ సైన్సూ ట్యూషన్లు చెప్పి బతికారు. తన పేరు మీద సంఖ్యలున్న మనిషి నెల గడవడానికి ట్యూషన్లు చెప్పుకోవలసి వచ్చింది. ఇది రాస్తుంటే నాకు బాధ వేసింది.

1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ అనే రచయిత సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో కాప్రేకర్ గారి గురించి రాశారు. గార్డ్‌నర్ గారు ఆ పత్రికలో చాలా ఏళ్లు లెక్కల ఆటల శీర్షిక రాశారు. విచిత్రం ఏమిటంటే ఆయన కూడా గణితంలో డిగ్రీ చదివిన మనిషి కాదు. ఆ వ్యాసంతో కాప్రేకర్ గారి పేరు దేశదేశాలకూ తెలిసింది. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు. పిల్లల ఆటలు అని నవ్విన వాటి మీదే తర్వాత చాలా దేశాల్లో గణితం చదివినవాళ్లు వ్యాసాలు రాశారు. ఆయన 1986లో కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

మొదటిది. లెక్కలకు డబ్బు అక్కర్లేదు. ల్యాబు అక్కర్లేదు. సగం పెన్సిలు, వెనక ఖాళీగా ఉన్న కాగితం చాలు. అవి మన ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి.

రెండోది. లెక్కలు పరీక్ష కోసమే కాదు. మన అమ్మలు అడ్డాకులూ చింతపండూ ఇప్పపువ్వూ నెత్తిన పెట్టుకుని సంతకు పోతారు. షావుకారు చెప్పిందే తూకం, ఇచ్చిందే డబ్బు. పక్కన నిలబడి కాగితం లేకుండా లెక్క కట్టే కూతురు ఒకతె ఉంటే వాళ్లకు ఎంత ధైర్యం! అంకెలతో ఆడుకున్న వాళ్లకు ఆ లెక్క నోటి మీదే వస్తుంది. లెక్కల్లో తప్పి చదువు మానేసి, ఆ ఏడే పెళ్లయిపోయిన అక్కలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. లెక్కలంటే భయం పోగొట్టేవాళ్లు దొరకక.

మూడోది. పెద్ద డిగ్రీ లేదని, చిన్న ఊరని, ఎవరో నవ్వారని ఆగిపోకూడదు. కాప్రేకర్ గారు ఆగి ఉంటే 6174 గురించి మనకు ఆయన చెప్పేవారు కాదు.

నాలుగోది సార్లకూ మేడమ్‌లకూ మనవి. వారానికి ఒక్క పీరియడ్ అయినా సిలబస్ పక్కన పెట్టి ఇట్లాంటి లెక్కలు ఇవ్వండి. మేం గట్టిగా చదువుతాం.

చేసి చూడండి

మాలో కొందరి పుట్టిన తేదీ బడిలో చేర్చుకునేటప్పుడు సారు ఊహించి రాసిందే. అసలు తేదీ ఇంట్లో వాళ్లకూ తెలియదు. పరవాలేదు. రికార్డులో ఉన్న సంవత్సరమే తీసుకోండి. 6174కి అందరూ ఒకటే. 2010 అయితే మూడు మెట్లు, 2011 అయితే నాలుగు మెట్లు. కాప్రేకర్ గారు పుట్టిన 1905కి ఏడు మెట్లు అని చూశాం. ఆయన 6174ను కనిపెట్టిన 1946, ఆయన కన్నుమూసిన 1986, ఇవి రెండూ ఆరేసి మెట్లలో వస్తాయి.

ఈ పత్రిక కింద ఒక తెల్ల చార్టు అంటించాం. దాని మీద 54 గళ్లు గీశాం. ఒక్కొక్కరు ఒక్కో గడి తీసుకుని, ఆ సంఖ్య 6174కి ఎన్ని మెట్లలో చేరిందో రాయండి. అంకెల మొత్తం 9తో పోతుందో లేదో చూసుకుని రాయండి. ఐదో తరగతి చెల్లెళ్లు కూడా రావచ్చు. శనివారం లోపల గళ్లన్నీ నిండాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని